కొండ కింది ఊరి నుంచి ఓడ దాకా: దేశాలు తలుపులు మూసినప్పుడు మన పిల్లలు డ్యూటీకి ఎలా చేరారు?

ఉదయగిరి దుర్గం ఎక్కి ఎంత దూరం చూసినా సముద్రం కనపడదు. కృష్ణపట్నం రేవు వంద కిలోమీటర్లకు పైనే. ఆత్మకూరు మీదుగా వెళ్లే హైవే తిన్నగా ఆ రేవుకే చేరుతుంది గానీ, మన పడమటి మండలాల్లో ఓడ అంటే ఇప్పటికీ వింత మాటే. ఇక్కడ బయటిదేశం అంటే కువైట్. ఆ తర్వాత సౌదీ, దుబాయ్, ఖతార్. షిప్పు మీద ఉద్యోగానికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ.

అయితే పదో తరగతి, ఇంటర్ అయిన పిల్లలు ఇప్పుడు ఆ వైపు కూడా చూస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఒక భయం ఉంది. కరోనా రోజుల్లో కువైట్ వెళ్లాల్సినవాళ్లు పడ్డ తిప్పలు అందరికీ గుర్తే. "అప్పుడు షిప్పు వాళ్ల గతి ఏమైంది? మళ్లీ అలాంటిది వస్తే మా పిల్లవాడు ఎక్కడ చిక్కుకుంటాడు? ఖర్చు ఎవరిది?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు తెలియాలంటే 2020, 2021 సంవత్సరాల్లో ఏం జరిగిందో ఒకసారి వరసగా చూడాలి.

ముందు కువైట్ సంగతి

2020 మార్చి 23 నుంచి మన దేశం రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. అవి పూర్తిగా మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో రెండేళ్లు వందే భారత్ విమానాలు, ఆ తర్వాత కొన్ని దేశాలతో చేసుకున్న ఎయిర్ బబుల్ ఒప్పందాలు, వీటి మీదే రాకపోకలు సాగాయి.

2020 ఆగస్టులో కువైట్ తన విమానాశ్రయం తెరిచింది. కానీ భారత్ సహా 31 దేశాల నుంచి నేరుగా రావడానికి వీల్లేదంది. నిషేధం లేని ఇంకో దేశంలో 14 రోజులు ఉండి, కరోనా లేదని పరీక్ష చేయించుకుని వస్తే సరేనంది. అలా దుబాయ్ మజిలీ అయింది. సెలవుకు వచ్చి ఇక్కడే ఆగిపోయినవాళ్లు అప్పు చేసి దుబాయ్ వెళ్లి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని, 14 రోజులు లెక్కపెట్టుకున్నారు.

2021 ఫిబ్రవరి 3 నుంచి సౌదీ 20 దేశాలవాళ్లను ఆపింది. అందులో భారత్, యూఏఈ రెండూ ఉన్నాయి. ఫిబ్రవరి 7 నుంచి కువైట్ తన పౌరులు కానివాళ్ల ప్రవేశాన్నే ఆపేసింది. దుబాయ్‌లో పదో రోజో పన్నెండో రోజో లెక్కపెడుతున్నవాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. తిరిగి ఇంటికి వెళ్లిపొమ్మని అక్కడి మన రాయబార కార్యాలయం సలహా ఇవ్వాల్సి వచ్చింది. టికెట్, గది, పరీక్ష, తిరుగు టికెట్ ఖర్చు చాలామందికి సొంత జేబులోంచే పోయింది.

ఒక మినహాయింపు ఉంది. 2020 డిసెంబర్‌లో ఇంటి పనివాళ్లను వెనక్కి రప్పించడానికి కువైట్ వేరే ఏర్పాటు పెట్టింది. అందులో క్వారంటైన్ ఖర్చు యజమాని మీద వేసింది. ఈ మినహాయింపును గుర్తుపెట్టుకోండి. షిప్పు వాళ్ల కథ అర్థం కావడానికి ఇది పనికొస్తుంది.

ఓడ ఒక్కచోట ఉండదు

కువైట్ వెళ్లేవాడికి గమ్యం ఒక దేశం. ఈ నెల కాకపోతే వచ్చే నెలైనా ఆ దేశం అక్కడే ఉంటుంది. షిప్పు వాడి సంగతి అలా కాదు. ఓడ సింగపూర్ రేవులో రెండు రోజులుంటే ఆ రెండు రోజుల్లోనే ఎక్కాలి. విమానం ఒకరోజు లేటైతే ఓడ ముందుకు వెళ్లిపోతుంది. తర్వాతి రేవు ఇంకో దేశం, అక్కడి రూల్స్ వేరు.

మామూలు రోజుల్లో ఇది నాలుగైదు రోజుల పని. కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. పాస్‌పోర్టు, సీమన్ పుస్తకం అనే సీడీసీ, మెడికల్ సర్టిఫికెట్, కోర్సు సర్టిఫికెట్లు చూస్తారు. కాంట్రాక్టు మీద సంతకం అవుతుంది. రేవులో ఉన్న ఏజెంటు "ఇతను ఫలానా ఓడ ఎక్కడానికే వస్తున్నాడు, బాధ్యత మాది" అని విమాన సంస్థకు లెటర్ పంపుతాడు. దాన్ని ఓకే టు బోర్డ్ అంటారు. మనిషి చెన్నైలో విమానం ఎక్కుతాడు, అక్కడ దిగగానే లాంచీలో ఓడకు చేరుస్తారు.

కరోనా వచ్చాక ఈ వరసలో ప్రతి అడుగుకూ ఒక షరతు చేరింది. ముందు హోటల్‌లో క్వారంటైన్, తర్వాత ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష. రిపోర్టు ఇన్ని గంటల లోపుదే అయి ఉండాలి. ఆ గంటల్లోనే విమానం ఉండాలి, విమానం దిగేసరికి ఓడ రేవులో ఉండాలి. ఉదయగిరి నుంచి చెన్నై చేరడానికే 2020లో తమిళనాడు ఈ-పాస్ కావాల్సి వచ్చింది. ఒక్క రోజు తేడా వచ్చినా వరసంతా మొదటికి వచ్చేది.

ఎక్కేవాడు ఆగితే దిగేవాడూ ఆగాడు

ఇందులో ఇంకో కష్టం ఉంది. ఓడ మీద మనుషుల సంఖ్యకు లెక్క ఉంటుంది. బదులు మనిషి ఎక్కితేనే కాంట్రాక్టు అయిపోయినవాడు దిగుతాడు. ఇక్కడ మన కుర్రాడు చెన్నైలో ఆగిపోతే, అక్కడ ఇంకో ఇంటి బిడ్డ ఓడ మీదే ఆగిపోతాడు.

ఓడ కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది. పేరు మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2006. భారత్ 2015లో దీన్ని ఆమోదించింది. దీని ప్రకారం ఒక మనిషిని ఏకధాటిగా 12 నెలలు ఓడ మీద ఉంచకూడదు. ఆ లోపే ఇంటికి పంపాలి. కరోనా రోజుల్లో ఆ హద్దు చాలా ఓడల మీద దాటిపోయింది. 2020 చివరికి ప్రపంచమంతటా దాదాపు 4 లక్షల మంది కాంట్రాక్టు అయిపోయినా ఓడల మీదే ఉన్నారని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క చెప్పింది.

మన దేశానికి బాగా తెలిసిన ఉదాహరణ ఎంవీ జగ్ ఆనంద్. ఆస్ట్రేలియా బొగ్గుతో వెళ్లిన ఈ ఓడ 2020 జూన్ నుంచి చైనాలోని జింగ్‌టాంగ్ రేవు దగ్గర లంగరు వేసుకుని ఉండిపోయింది. సరుకు దించనివ్వలేదు, మనుషుల్ని మారనివ్వలేదు. అందులో 23 మంది భారతీయులు. చివరికి ఓడను జపాన్‌లోని చిబా రేవుకు తీసుకెళ్లి, అక్కడ కొత్తవాళ్లను ఎక్కించి, వీళ్లను దింపారు. 2021 జనవరిలో ఇల్లు చేరారు. ఎంవీ అనస్తేషియా అనే ఇంకో ఓడలో 16 మంది భారతీయులు ఇలాగే ఇరుక్కుని, ఆ తర్వాతి నెలలో బయటపడ్డారు. వాళ్లు బయటపడింది జపాన్‌కు బదులు మనుషులు చేరగలిగారు కాబట్టే.

2021 రంజాన్

రెండో వేవ్ వచ్చింది సరిగ్గా రంజాన్ నెలలోనే. మన దగ్గర ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతుంటే ఒక్కో దేశమూ తలుపు వేసుకుంటూ పోయింది. ఏప్రిల్ 20న హాంకాంగ్ మన విమానాలను ఆపింది. ఏప్రిల్ 24 నుంచి సింగపూర్, అంతకు ముందు 14 రోజుల్లో భారత్‌లో ఉన్న ఓడ సిబ్బంది తన రేవులో మారడానికి ఒప్పుకోలేదు. ఆ రాత్రి నుంచే యూఏఈ కూడా భారత్ నుంచి వచ్చేవాళ్లను ఆపేసింది. దాంతో ఫుజైరా రేవు దారి పోయింది. ఏప్రిల్ 28 నుంచి నేపాల్ తన మీదుగా మూడో దేశం వెళ్లేవాళ్లకు అడ్డు చెప్పింది. మే 13న మాల్దీవులు దక్షిణాసియా టూరిస్టులను ఆపింది. ఆ మర్నాడే మనకు ఈద్.

ఈ తేదీలు ఎందుకు రాస్తున్నానంటే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాడు కూడా ఒక్క రాత్రిలో దారి తప్పాడని చెప్పడానికే. ఏప్రిల్ 26న సింగపూర్‌లో ఓడ ఎక్కాల్సిన కుర్రాడు ఉన్నాడనుకోండి. హోటల్ క్వారంటైన్ అయింది, పరీక్ష నెగెటివ్, టికెట్ చేతిలో ఉంది. అయినా వెళ్లలేడు. అతని తప్పు ఏమీ లేదు.

మరి దారి ఎలా దొరికింది?

మొదటిది, దారి మన దగ్గరే తెరుచుకుంది. 2020 ఏప్రిల్ 21న కేంద్ర హోం శాఖ మన రేవుల్లో భారతీయ సిబ్బంది ఓడ ఎక్కడానికి, దిగడానికి నియమాలు ఇచ్చింది. లాక్‌డౌన్ మధ్యలో కూడా పరీక్ష చేయించుకుని, పాస్ తీసుకుని రేవుకు చేరే వీలు కలిగింది. అంతర్జాతీయ ఓడల దారికి దగ్గరగా ఉన్న కొచ్చి, విళింజం ఇందుకు బాగా పనికొచ్చాయి. ఓడ కాస్త పక్కకు వచ్చి ఆగేది, మనుషులు లాంచీలో వెళ్లి మారేవారు. పరాయి దేశం వీసా, 14 రోజుల మజిలీ అక్కర్లేకుండా చాలామంది ఇలా డ్యూటీకి చేరారు.

రెండోది, గుర్తింపు. 2020 డిసెంబర్ 1న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఓడ సిబ్బందిని ముఖ్య కార్మికులుగా గుర్తించాలని అన్ని దేశాలనూ కోరింది. తీర్మానంతోనే తలుపులు తెరుచుకోలేదు గానీ, కొన్ని దేశాలు టూరిస్టుకు ఒక రూలు, ఓడ మనిషికి ఇంకో రూలు పెట్టడం మొదలైంది.

మూడోది టీకా. 2021 మేలో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12 నుంచి 16 వారాలకు పెంచారు. డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు అంత ఆగలేరు. జూన్ 7న కేంద్రం సడలింపు ఇచ్చింది. చదువుకు, ఉద్యోగానికి విదేశం వెళ్లేవాళ్లు 28 రోజుల తర్వాత రెండో డోసు వేయించుకోవచ్చని, సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబర్ ఉండాలని చెప్పింది. కోవాగ్జిన్ వేయించుకున్నవాళ్లకు ఇబ్బంది ఎక్కువైంది. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబర్ 3 వరకు రాలేదు.

ఖర్చు ఎవరి ఖాతాలో?

నేను కామర్స్ చదివినవాణ్ని. దేన్నైనా ఎడమ పక్క, కుడి పక్క రాసి చూడటం అలవాటు. ఇలా రాస్తే తేడా తెలుస్తుంది.

కువైట్ వెళ్లేవాడు మూడో దేశంలో 14 రోజులు ఉంటే ఆ ఖర్చు ఎవరిదో చాలామంది కాంట్రాక్టులో రాసి లేదు. అందుకే అది కుటుంబం మీద పడింది. యజమానిదే అని రాసి ఉన్నచోట, అంటే పైన చెప్పిన ఇంటి పనివాళ్ల ఏర్పాటులో, భారం అటు పోయింది.

షిప్పు ఉద్యోగంలో ఆ రాత ముందే ఉంటుంది. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు మనిషి దగ్గర ఫీజు తీసుకోకూడదు. అతను పెట్టుకోవాల్సింది మెడికల్ సర్టిఫికెట్, సీమన్ పుస్తకం, పాస్‌పోర్టు ఖర్చు మాత్రమే. వీసా ఖర్చు ఓడ యజమానిది. కాంట్రాక్టు అయ్యాక ఇంటికి చేర్చే ఖర్చూ యజమానిదే. ఓడ దాకా వెళ్లే టికెట్, మధ్యలో హోటల్ మామూలుగా కంపెనీయే చూస్తుంది. అయితే ఇది కాంట్రాక్టులో ఉందో లేదో చదివి చూసుకోవాలి. క్వారంటైన్ రోజులకు జీతం ఇస్తారా అన్నది కూడా అందులోనే తేలాలి. ఒక ఊరివాళ్లకైనా, ఒకే విమానంలో వెళ్లినా, ఈ కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ నష్టం ఒకటి కాదు.

సంతకానికి ముందు ఇంట్లో అడగాల్సినవి

పిల్లవాణ్ని పంపే ముందు అబ్బాజాన్ గానీ అన్న గానీ కూర్చుని నాలుగు సంగతులు చూడాలి.

ఒకటి, ఉద్యోగం ఇస్తున్న కంపెనీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందా? ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. పేరు లేకపోతే అక్కడితో ఆపేయండి.

రెండు, "సీటు ఖాయం, ఇన్ని లక్షలు కట్టండి" అంటున్నారా? కోర్సు ఫీజు వేరు, అది కాలేజీకి కట్టేది. ఉద్యోగానికి డబ్బు అడిగితే అది రూలుకు విరుద్ధం. షిప్పు అని చెప్పి టూరిస్టు వీసా మీద పంపుతామంటే అసలు ఒప్పుకోవద్దు. సరిహద్దు మూసిన రోజున టూరిస్టుగా ఉన్నవాడి తరఫున ఏ రేవు ఏజెంటూ లెటర్ రాయడు.

మూడు, కాంట్రాక్టులో ఓడ పేరు, యజమాని పేరు, ఎన్ని నెలలు, జీతం, ఎక్కడ ఎక్కాలి, దారి ఖర్చు ఎవరిది, ఆలస్యమైతే ఏం చేస్తారు, ఇవన్నీ రాసి ఉన్నాయా? సంతకం చేసిన ప్రతి ఒకటి ఇంట్లో ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఒక్కటే చాలదు.

నాలుగు, పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్, టీకా కాగితం, అన్నిట్లో పేరు ఒకేలా ఉందా? మన ఇళ్లలో షేక్, సయ్యద్, పఠాన్ ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. మామూలు రోజుల్లో నడిచిపోయే ఈ తేడా, కౌంటర్ దగ్గర గంటలు లెక్కపెట్టే రోజున మనిషిని ఆపేస్తుంది.

గల్ఫ్‌కు పంపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీకి మించి తీసుకోకూడదు. దారి మధ్యలో ఆగిపోతే ఖర్చు ఎవరిదని అతణ్ని కూడా అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.

కరోనా ముందుగా చెప్పి రాలేదు. మళ్లీ ఇంకోటి వస్తే అదీ చెప్పి రాదు. అల్లాహ్ అలాంటి రోజులు చూపించకూడదని దువా చేద్దాం. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్నారు కదా. ఆ కట్టే పనేదో సంతకానికి ముందే చేసుకుందాం.