తాటిచెట్టెక్కే బొమ్మకి ఏ క్లాస్ ఇద్దాం?

కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టు బొమ్మ చూసే ఉంటారు. చెట్టు మీద ఒక మనిషి, నడుముకి మోకు, పక్కనే కల్లుకుండ. ఆ మోకూ కుండా తీసేశారనుకోండి, మిగిలేది పంచె కట్టుకున్న ఎవరో ఒకాయన. ఆయన్ని మనం ముఖం చూసి పోల్చుకోం, పనిముట్టు చూసి పోల్చుకుంటాం. కడవెత్తుకున్న ఆవిడైనా, ఎడ్లబండి తోలే రైతైనా అంతే.

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్స్‌లో 'క్లాస్' అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ బొమ్మనే చూపిస్తా. 'స్ట్రేంజర్ థింగ్స్'లో పిల్లలు పాచికలేస్తూ ఆడతారే, ఆ డంజన్స్ అండ్ డ్రాగన్స్ గుర్తుందా? ఒకరు డీఎంగా కథ నడిపిస్తారు, మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. ఆ పాత్ర ఫైటరా, విజార్డా, రోగా అన్నదే క్లాస్. అంటే నువ్వెవరు అని కాదు, మిగతావాళ్లు చేయలేనిది నువ్వేం చేయగలవు అని.

ఈ ఆటని మనవైపు కథలతో ఆడదాం అనుకోగానే ముందు తట్టే ఐడియా దశావతారాలు. పది అవతారాలు, పది క్లాసులు! వద్దండీ. ఒకడు నరసింహావతారం తీసుకుంటే మొదటి రౌండ్‌లోనే ఆట అయిపోతుంది, మిగతా నలుగురూ టీ తాగుతూ కూర్చోవాలి.

అసలు కొత్త క్లాస్ చేర్చడం కనిపించినంత తేలిక కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు క్లాసులు మూడే: యోధుడు, మాంత్రికుడు, దైవశక్తితో పనిచేసే క్లెరిక్. మరుసటి ఏడాది 'గ్రేహాక్' అనే అనుబంధంలో దొంగ దిగాడు. తాళాలు తీయడం, గోడలెక్కడం, చీకట్లో నక్కడం... ఒక్కోదానికీ ఇంత శాతం అని లెక్క. బాగానే ఉంది కదా? తిరకాసంతా అక్కడే. అంతకుముందు యోధుడు కూడా 'నేను గోడెక్కుతా' అనేవాడు, డీఎం సరే అనేవాడు. దొంగ వచ్చాక 'అది దొంగ పని కదా' అనే మాట మొదలైంది. కొత్తవాడికి ఒక పని రాసిచ్చారంటే అది పాతవాళ్ల చేతుల్లోంచి తీసుకున్నట్టే. ఈ గొడవ అభిమానుల మధ్య ఇప్పటికీ తెగలేదు.

అందుకేనేమో, 12 క్లాసులతో వచ్చిన 2014 ఎడిషన్‌లో ఆ తర్వాత పుస్తకాలెన్ని వచ్చినా, అధికారికంగా చేరిన పూర్తి స్థాయి కొత్త క్లాస్ ఒక్కటే. 2019లో వచ్చిన ఆర్టిఫిసర్. మిగతావన్నీ ఉన్న క్లాసులకే కొత్త కొమ్మలు, అంటే సబ్‌క్లాసులు.

మరి మన తాటిచెట్టాయన? చెట్టెక్కడం రోగ్‌కి ఎలాగూ వచ్చు. తాటితోపులో ఈయన్ని మించినవాడు లేడు, నిజమే. కానీ కథ కొండల్లోకో సముద్రంలోకో వెళితే? 2014 రేంజర్‌కి సరిగ్గా ఇదే దెబ్బ తగిలింది. తను ఎంచుకున్న నేల మీదే వాడు హీరో, అడవి తీసుకున్నవాడికి ఎడారిలో ఆ శక్తి దండగ. ఆటగాళ్లు గొణిగీ గొణిగీ, చివరికి 2020లో 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' పుస్తకంలో బదులు శక్తులు ఇచ్చారు. కాబట్టి కల్లుగీతని క్లాస్‌గా కాకుండా బ్యాక్‌గ్రౌండ్‌గా పెడితేనే నయం. ఏ క్లాస్ వాడికైనా తగిలించుకోవచ్చు.

బొమ్మ చేసే ఆయన సంగతి వేరు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కని ఆరబెట్టి, ఒళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాతే సున్నం, రంగులు. ఇది ఆర్టిఫిసర్‌కి సబ్‌క్లాస్‌గా అతికినట్టు సరిపోతుంది. ఆర్టిఫిసర్‌లో బ్యాటిల్ స్మిత్ వెంట ఒక లోహపు కాపలాజీవి ఉంటుంది. దాని బదులు అంబారీ ఏనుగుని పెట్టేసి ఊరుకుంటే అది వేషం మార్చడమే. అలా కాకుండా, పోరు మధ్యలో ఏనుగు తొండం ఊడదీసి మనిషి బొమ్మకి చేయిగా అతికించగలిగితే? అది కొండపల్లి పనితనం. దానికో పరిమితి కూడా కావాలి, అది చెక్కే. చుట్టుపక్కల కొండల్లో పొణికి తగ్గిపోతోందని కళాకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆటలోనూ అంతే పెట్టండి: ఒక చెట్టు కొట్టారా, మొక్క నాటి అది పెరిగేదాకా అక్కడ ఇంకో బొమ్మ లేదు.

పూర్తి కొత్త క్లాస్ కావాలంటే నా ఓటు బుర్రకథకే. 'అది బార్డే కదా' అంటారేమో. కాదు. బార్డ్ ఒంటరి, పాట పాడి తోటివాడికి ఒక పాచిక ఎక్కువ ఇస్తాడు. బుర్రకథలో ముగ్గురు: తంబురా పట్టిన కథకుడు, డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంతది హాస్యం, రెండోవాళ్లది రాజకీయం. పాత యుద్ధం కథ చెబుతూనే ఇవాళ్టి ప్రభుత్వాన్ని కడిగేస్తారు. బ్రిటిష్‌వాళ్లూ నిజామూ దీన్ని నిషేధించింది ఊరికే కాదు. పొన్నెకల్లు నుంచి వచ్చి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ పేరు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెబుతారు.

ఆటలో దీని శక్తి రాక్షసుడి మీద కాదు, చుట్టూ మూగిన జనం మీద పనిచేయాలి. రాజుగారి సంతలో కథ మొదలవుతుంది, ముగిసేసరికి కాపలాభటులే ఎటు నిలబడాలో తేల్చుకోలేరు. ఒక్క ఆటగాడితో కుదరదు, ముగ్గురు కావాలి. వాళ్లలో ఒక్కరు పడిపోయినా కథ ఆగిపోతుంది. పైగా డక్కీ మోగుతుంటే ఎక్కడా దాక్కోలేరు. ఒక క్లాస్ అంటే ఒక ఆటగాడు అనే పాత లెక్కకి ఇది లొంగదు. నాకు నచ్చింది అదే.

దీన్ని రాసి ప్రచురించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2023 జనవరిలో ఈ ఆట మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేశారు. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెబితే చాలు, తెలుగులో రాసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. 20 లెవల్స్ ఒకేసారి రాయకండి, మూడో లెవల్ దాకా రాసి ఒక ఆదివారం ఆడి చూడండి. హాస్యం వంత ఎవరిదో మాత్రం పాచికలు తీయకముందే తేల్చుకోండి.