కాలేయ రోగి మాట తడబడినప్పుడు

అరవై ఏళ్ల తాపీమేస్త్రీ. కాలేయం గట్టిపడిందని వైద్యులు చెప్పి రెండేళ్లయింది. ఆనాటి నుండి ఆయన మద్యం ముట్టలేదు. వారం రోజులుగా పగలంతా కునుకుతున్నాడు, రాత్రి మేలుకొని కూర్చుంటున్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటున్నాడు. మనవరాలిని కూతురి పేరుతో పిలిచాడు. ఒక సాయంత్రం నలభై ఏళ్లుగా నడిచిన వీధిలోనే దారి తప్పి, తూలుతూ ఇల్లు చేరాడు. మళ్లీ తాగుడు మొదలుపెట్టాడని చాలులోని వారు అనుకున్నారు. గాలి సోకిందని ఇంటి పెద్దామె తాయెత్తు కట్టించింది. మూడవనాటి ఉదయం లేపితే ఆయన లేవలేదు.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ముంబయి నగరంలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనే కాక, కాలేయ రోగి ఉన్న ఏ ఇంటిలోనైనా ఎదురుకాగల పరిస్థితి ఇది. దీనిని వైద్యులు హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. కాలేయం చేయవలసిన పని చేయలేనందువలన మెదడు మందగించడమే ఈ వ్యాధి. సకాలంలో గుర్తిస్తే చాలామంది తేరుకుంటారు. ఆలస్యమైతే ప్రాణాపాయం.

కడుపులోని వ్యాధి తలకెక్కడం ఎలా?

తిన్న ఆహారం జీర్ణమయ్యేటప్పుడు పేగులలో అమ్మోనియా అనే విషపదార్థం పుడుతుంది. ఆరోగ్యవంతుని కాలేయం దానిని యూరియాగా మార్చి మూత్రం ద్వారా బయటకు పంపిస్తుంది. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ ఏర్పడినప్పుడు ఈ పని కుంటుపడుతుంది. అంతేకాక, పేగుల నుండి వచ్చే రక్తంలో కొంత భాగం కాలేయంలోకి పోకుండా పక్కదారులు పడుతుంది. అలా శుద్ధి కాని రక్తం మెదడుకు చేరుతుంది.

సిర్రోసిస్ మద్యం వలన మాత్రమే రాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహం, స్థూలకాయాలతో ముడిపడిన కొవ్వు కాలేయం కూడా దానికి కారణాలే. కనుక జీవితంలో ఎన్నడూ మద్యం రుచి చూడని గృహిణికి కూడా ఈ స్థితి రావచ్చు. కళ్లు పచ్చబడకుండానే మాట తడబడవచ్చు. కామెర్లు లేవు గనుక కాలేయం బాగానే ఉందనుకోవడం పొరపాటు.

తొలి గుర్తులు

మొదట మారేది నిద్ర. పగలు నిద్ర, రాత్రి మెలకువ. తరువాత లెక్కలు తప్పుతాయి, చేతిరాత చెదురుతుంది, నిష్కారణంగా కోపం వస్తుంది. మరికొంత ముదిరితే వారం, తేదీ, చోటు తెలియవు. చేతులు ముందుకు చాచి, వాహనాన్ని ఆపుతున్నట్లు అరచేతులు పైకెత్తి నిలపమంటే, మణికట్టు దగ్గర చేతులు పక్షి రెక్కల వలె జారి జారి లేస్తాయి. ఆపైన మగత, చివరకు స్మారకం తప్పడం.

చాలాసార్లు దీనిని రేపే కారణం మరొకటి ఉంటుంది. మలబద్ధకం, జ్వరం, పొట్టలోని నీటికి చీము పట్టడం, వాంతులు, విరేచనాలు, మూత్రం జారీ చేసే మాత్రలు మితిమీరడం, నిద్రమాత్రలు అటువంటివి. నల్లని తారు వంటి విరేచనం లోపల రక్తస్రావానికి గుర్తు. ఆ రక్తం పేగులలో జీర్ణమై అమ్మోనియాను మరింత పెంచుతుంది. నిద్ర పట్టడం లేదని దుకాణంలో నిద్రమాత్ర కొని వేయడం ఇటువంటి రోగికి ఎంతో ప్రమాదకరం.

భాష దగ్గర జరిగే పొరపాటు

రక్తంలో అమ్మోనియాను కొలిచే పరీక్ష ఉన్నా, ఆ అంకె ఒక్కటే వ్యాధిని నిర్ధారించదు. అందుచేత వైద్యుడు రోగితో మాట్లాడి చూస్తాడు. ఈ రోజు ఏ వారం అని అడుగుతాడు. నూరు నుండి ఏడు చొప్పున తీసివేయమంటాడు. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కిస్తాడు. నగరంలో ఈ ప్రశ్నలు సాధారణంగా మరాఠీలోనో హిందీలోనో వస్తాయి. ఇంట తెలుగే మాట్లాడే పెద్దవారు ఆరోగ్యంగా ఉన్నా ఆ భాషలో తడుముకోవచ్చు. నిజంగా మతి తప్పుతున్నవారి తడబాటు భాష రాకపోవడంగా కొట్టుకుపోవచ్చు.

దుబాసీగా నిలిచే మనవడి వలన మరొక పొరపాటు జరుగుతుంది. “తాతా, ఈ రోజు ఏ వారం?” అని అతడు అడుగుతాడు. తాత “బుధవారం” అంటాడు. నిజానికి ఆ రోజు శుక్రవారం. తాత పరువు పోకూడదని మనవడు ఆ జవాబును సరిదిద్ది వైద్యునికి చెబుతాడు. ప్రేమతో చేసిన ఆ దిద్దుబాటు రోగనిర్ధారణకు అడ్డు వస్తుంది. దుబాసీ రోగి మాటను ఉన్నది ఉన్నట్లే చెప్పాలి. తప్పు జవాబును తప్పుగానే, అసంబద్ధమైన మాటను అసంబద్ధంగానే వినిపించాలి. మాట ముద్దగా వచ్చినా, ఆలస్యంగా వచ్చినా ఆ విషయమూ చెప్పాలి. రోగి సహజంగా ఎలా మాట్లాడతాడో నిత్యం వినే భార్య, అక్కాచెల్లెళ్లు వెంట ఉండడం ఎంతో మేలు. ఏ రోజున మార్పు మొదలైందో వారే చెప్పగలరు.

మందు, ఆహారం

ఈ రోగులకు సాధారణంగా లాక్టులోజ్ సిరప్ ఇస్తారు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తని విరేచనం కావడమే దాని లక్ష్యం. అంతస్తుకొక ఉమ్మడి మరుగుదొడ్డి ఉన్న చాలులో ఇది ఇబ్బందికరమని, పనికి ఆటంకమని కొందరు మానివేస్తారు. మానివేయడం వలన వ్యాధి తిరగబెడుతుంది. విరేచనాలు నీళ్లవలె ఎక్కువైనా ఒంటిలో నీరు తగ్గి స్థితి విషమిస్తుంది. కనుక ఏ మార్పునైనా వైద్యునికి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి.

పప్పు, గుడ్డు, పాలు పూర్తిగా మాన్పించాలన్న పాత సలహా ఇప్పుడు లేదు. మాంసకృత్తులు తగ్గితే కండ తరుగుతుంది, రోగి మరింత క్షీణిస్తాడు. దీర్ఘమైన ఉపవాసాలు తగవు. పడుకునే ముందు కొద్దిగా ఆహారం తీసుకోవాలి. వైద్యునికి తెలియకుండా పసరు మందులు, నొప్పి మాత్రలు వాడరాదు.

ఇటువంటివే మరికొన్ని

మతి తప్పడానికి ప్రతిసారీ ఇదే కారణం కాదు. మధుమేహానికి మాత్రలు వాడేవారిలో చక్కెర పడిపోవచ్చు. కాలేయ రోగులలో రక్తం త్వరగా గడ్డకట్టదు. అందుచేత చిన్నగా జారిపడినా తలలో రక్తస్రావం కావచ్చు. పడిన సంగతి దాచకుండా చెప్పాలి. యువకులలో కాలేయ వ్యాధితో పాటు చేతివణుకు, మాట ముద్ద కావడం, స్వభావం మారడం కనబడితే విల్సన్ వ్యాధిని అనుమానిస్తారు. ఒంటిలో రాగి పేరుకుపోయే ఈ వంశపారంపర్య వ్యాధిని 1912లో ఎస్. ఎ. కె. విల్సన్ వివరించాడు. తొందరగా గుర్తిస్తే మందులతో అదుపు చేయవచ్చు. తోబుట్టువులలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నందున వారికీ పరీక్ష అవసరం.

కాలేయ రోగి ఉన్న ఇంటిలో రోజూ రెండు నిమిషాలు చాలు. వారం అడగాలి, పేరు రాయించాలి, చేతులు చాపించాలి. నిన్నటికీ నేటికీ తేడా కనబడితే అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి. మగత, రక్తపు వాంతి, నల్లని విరేచనం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. మగతలో ఉన్నవారి నోటిలో నీరు గాని మందు గాని పోయరాదు. పాత చీటీలు, వాడుతున్న మందులన్నీ వెంట తీసుకుపోవాలి. తాగాడా అన్న ప్రశ్నకు ముందు, కాలేయం మాట వైద్యుని చెవిన పడాలి.