కారుకు కరెంటా, డీజిలా? రైల్వేలు నేర్పే లెక్క

ఖరగ్‌పూర్: విద్యుత్ కారు కొనాలా, డీజిల్ కారు కొనాలా? మధ్యతరగతి కుటుంబాలను నేడు వేధిస్తున్న ఈ ప్రశ్నను రైల్వేలు ఆరు దశాబ్దాల క్రితమే ఎదుర్కొన్నాయి. వాటికి లభించిన సమాధానం పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో పట్టాల మీదే కనిపిస్తుంది.

ఆగ్నేయ రైల్వేలో డివిజన్ కేంద్రమైన ఖరగ్‌పూర్‌తో తెలుగువారి అనుబంధం పాతది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్రకు చెందిన కుటుంబాలు ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వరకు గల సుమారు 115 కిలోమీటర్ల మార్గం 1960 దశకం చివరిలోనే విద్యుదీకరణకు నోచుకుంది. అయితే హౌరా-చెన్నై మార్గమంతా విద్యుదీకరణ పూర్తయ్యేసరికి 2005 వచ్చింది.

స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్లకు పెట్టుబడి భారీగా కావాలి. రైళ్లు ఎక్కువగా తిరిగే మార్గంలోనే ఆ సొమ్ము త్వరగా తిరిగి వస్తుంది. అందువల్లనే రద్దీ మార్గాలకు తొలి ప్రాధాన్యం లభించింది. బ్రాడ్‌గేజి మార్గాలన్నింటినీ విద్యుదీకరించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది 2018లో మాత్రమే.

ఆదా ఎక్కడ?

2010 దశకం మధ్యనాటి రైల్వేశాఖ లెక్కల ప్రకారం సరకు రవాణాలో 65 శాతం, ప్రయాణికుల రవాణాలో సగానికి పైగా విద్యుత్ ఇంజన్లే నిర్వహించాయి. అయినప్పటికీ మొత్తం ఇంధన వ్యయంలో వాటి వాటా 37 శాతమే కావడం గమనార్హం.

నిజానికి నేటి డీజిల్ రైలింజన్లలో సైతం చక్రాలను తిప్పేది విద్యుత్ మోటార్లే. ఆ విద్యుత్తును ఇంజనులోనే తయారుచేసుకోవలసి రావడం, మండిన ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా వేడి రూపంలో వృథా కావడం ఖర్చును పెంచుతున్నాయి. ఆధునిక విద్యుత్ ఇంజన్లు బ్రేకు వేసినప్పుడు కొంత విద్యుత్తును తిరిగి తీగలకు పంపగలవు. విద్యుత్ కారు కూడా ఇదే పద్ధతిలో కొంత శక్తిని బ్యాటరీకి చేర్చుకుంటుంది.

కారు లెక్క

డీజిల్ లీటరు 92 రూపాయలు, మైలేజి 18 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 5 రూపాయల 11 పైసలు ఖర్చవుతుంది. ఇంట్లో కరెంటు యూనిట్ 8 రూపాయలు, యూనిట్‌కు 6 కిలోమీటర్లు అనుకుంటే విద్యుత్ కారుకు అయ్యేది రూపాయి 33 పైసలే. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి ఏడాదికి సుమారు 41 వేల రూపాయలు మిగులుతాయి. అయితే విద్యుత్ కారు ధర 4 లక్షల రూపాయలు అధికంగా ఉన్నట్లయితే, ఆ మొత్తం తిరిగి రావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. అనేక కంపెనీలు బ్యాటరీకి ఇస్తున్న హామీ మాత్రం ఎనిమిదేళ్లే.

ఏడాదికి 45 వేల కిలోమీటర్లు తిరిగే టాక్సీ యజమాని పరిస్థితి వేరు. ఇంటి కరెంటుతో నడిపితే అదనపు పెట్టుబడి రెండున్నరేళ్ల లోపే చేతికి వస్తుంది. అయితే బయటి చార్జింగ్ కేంద్రాల్లో యూనిట్‌కు 20 రూపాయలు చెల్లించవలసి వస్తే ఖర్చు కిలోమీటరుకు 3 రూపాయల 33 పైసలకు పెరిగి, గడువు అయిదేళ్లకు చేరుతుంది. కాగా, విద్యుత్ కారుకు ఇంజన్ ఆయిలు, ఇంధన ఫిల్టర్ల ఖర్చు లేకపోవడం కొంత ఊరట. హామీ ముగిశాక బ్యాటరీ మార్చవలసి వస్తే మాత్రం ఆ భారం తక్కువేమీ కాదు.

కాబట్టి కారు కొనేవారు ముందుగా చూసుకోవలసినవి రెండు: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాము, ఇంటివద్ద చార్జింగ్ సదుపాయం ఉన్నదా అన్నవి. రద్దీ ఉన్న మార్గానికే ముందుగా తీగలు వేసిన రైల్వేల సూత్రం కారు యజమానికీ వర్తిస్తుంది.