తీయుటకు వీలైన టోపీ

తెలుగున ఒకనికి 'టోపీ పెట్టుట' యన్నచో మోసగించుట యని అర్థము. అమెరికాలోని ఫ్రీమేసన్ సంఘములలో టోపీ పెట్టుకొనుట యన్నచో అధ్యక్షత వహించుట. ఒకే వస్తువు ఇచ్చట వంచనకును, అచ్చట అధికారమునకును గుర్తయినది. ఈ రెండింటికి నడుమనున్న దూరము కొంత విచారింపదగినది.

ఫ్రీమేసన్లు ఒకరినొకరు సోదరులని పిలుచుకొనెడి సంఘమువారు. 1717లో లండనులోని నాలుగు శాఖలు కలసి తొలి గ్రాండ్ లాడ్జిని ఏర్పరచుకొన్నవి. లాడ్జి యనగా ఇచ్చట బాటసారుల బస కాదు, సోదరుల సభ. రామదాసు కథవలన తెలుగువారికి పరిచితుడైన తానీషా హైదరాబాదున నిర్మించిన గోషామహల్ బారాదరియు చాలకాలముగా ఇట్టి లాడ్జికి నిలయమే.

అమెరికా లాడ్జిలో అధ్యక్షుని పేరు మాస్టరు. తక్కిన సోదరులందరును టోపీలు తీసి కూర్చుందురు; మాస్టరు ఒక్కడే ధరించును. మన పెద్దలు తలపాగా చుట్టుకొని సభకు వచ్చుట మర్యాదగా భావించిరి. పాశ్చాత్యులకు తల చూపుట వినయము. కావున టోపీ తీయనక్కరలేనివాడే అధికుడు. ఇంగ్లండు లాడ్జీలలో పదునెనిమిదవ శతాబ్దిన ఉండిన ఈ ఆచారము అచ్చట క్రమముగా సన్నగిల్లినది, అమెరికాలో నిలిచినది.

క్రొత్తగా ఎన్నికైన మాస్టరునకు తొలి చిక్కు ఇదియే: ఏ టోపీ కొనవలెను? పొడవైన నల్లని పట్టు టోపీ సంప్రదాయసిద్ధము. కాని అది తోకకోటుతో శోభించినట్లు మామూలు దుస్తులతో శోభింపదు. అంతకంటె నిరాడంబరమైనది హాంబర్గు. జర్మనీలోని ఆ పేరుగల ఊరినుండి దానిని తెచ్చి ప్రచారము చేసినవాడు ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డు. 1901లో సింహాసన మెక్కువరకు ఇంగ్లండు ఫ్రీమేసన్లకు గ్రాండ్ మాస్టరు ఆయనయే. ఇక ఫెడోరా పుట్టుక మరింత విచిత్రము. 1882లో పారిసున ప్రదర్శింపబడిన సార్దూ నాటకమున కథానాయిక పేరు ఫెడోరా. ఆ పాత్ర ధరించినది సారా బెర్నార్ అను మహానటి. ఆమె పాత్ర పేరే టోపీకి వచ్చినది. స్త్రీలకు సభ్యత్వము లేని సభలో అధ్యక్షుని శిరస్సుపై ఒక నాయిక పేరు వెలయుచున్నది! టెక్సాసు వంటి రాష్ట్రములలో పశువుల కాపరుల వెడల్పు అంచు టోపీతో పీఠమెక్కు మాస్టరులును కలరు.

టోపీ అధికారచిహ్నమైనచోట దానిని ఇతరులచే తీయించు దురాశయు పుట్టును. 1670లో లండను న్యాయస్థానమున విలియం పెన్, విలియం మీడ్ అను క్వేకరు మతస్థులపై విచారణ జరిగినది. భగవంతునికి తప్ప అన్యులకు టోపీ తీయరాదని క్వేకరుల నియమము. వా రిద్దరును రిక్తశిరస్కులై వచ్చిరి. న్యాయస్థానము వారి తలలపై టోపీలు పెట్టించెను. పిమ్మట వానిని తీయలేదని ఒక్కొక్కరికి నలుబది మార్కుల జరిమానా విధించెను. తెలుగు జాతీయము అక్షరాల జరిగినది ఆనాడే. ప్రార్థించువానిని వంచించినది అధికారపీఠమే!

లాడ్జి ఆచారమున ఈ దోషమునకు మందు కలదు. ప్రార్థన ఆరంభము కాగానే మాస్టరు టోపీ తీయును. గ్రాండ్ మాస్టరు విచ్చేసి పీఠము స్వీకరించినను తీయును. అతని పదవి సామాన్యముగా ఒక సంవత్సరము. అది ముగిసినంతనే టోపీ తీసి సోదరుల వరుసలో కూర్చుండును. అనగా టోపీ తలది కాదు, పీఠముది.

కావున ఎన్నిక చేయువాడు వెలకంటెను, వన్నెకంటెను ముందు చూడవలసినది ఒకటి కలదు. టోపీ బిగుతుగా ఉండరాదు. కష్టము లేక ఒక్క చేతితో తీయుటకు వీలుకావలెను. తరగతి నాయకుడైన విద్యార్థికిని, సారస్వత సంఘాధ్యక్షుడైన ఉపాధ్యాయునికిని టోపీ లేకపోవచ్చును గాని పీఠము ఉన్నది. దానినుండి దిగవలసిన దినము వచ్చినపుడు దిగుట తెలిసినవానికే అది ఎక్కినపుడు శోభించును.