కీమో మాత్రకు ముందు ఒక జన్యుపరీక్ష

ఊళ్లో ఉన్న నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలితే, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే పిల్లలు ఆయన్ను కొండాపూర్‌కో గచ్చిబౌలికో తెచ్చుకుని దగ్గర్లోనే వైద్యం చేయిస్తారు. డాక్టర్లు చాలాసార్లు రాసే మందు కెపసిటబిన్. సాధారణంగా రోజూ రెండు పూటలా, తిన్న అరగంటలోపు, 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. అంటే ఈ కీమో నడిచేది ఇంట్లోనే.

ఈ మాత్ర ఒంట్లోకి వెళ్లాక 5-ఎఫ్‌యూ అనే క్యాన్సర్ మందుగా మారుతుంది. దానిలో 80 శాతానికి పైగా విరిచేసి బయటికి పంపేది డీపీడీ అనే ఎంజైమ్. దాన్ని తయారుచేయించే డీపీవైడీ జన్యువులో లోపముంటే మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. నోరంతా పుండ్లు, ఆగని విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, చివరికి ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. అందుకే యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020లో, చికిత్సకు ముందే డీపీడీ పరీక్ష చేయించాలని సూచించింది. ఎంజైమ్ కొంత తగ్గితే మోతాదు తగ్గించి మొదలుపెడతారు. పూర్తిగా లేకపోతే ఈ మందు జోలికే వెళ్లరు.

జన్యువును బట్టి మందు తీరు మారడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆర్యవైశ్యుల్లో కొందరికి బీసీహెచ్ఈ జన్యువులో మార్పు ఉంటుంది. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం నిమిషాల్లో పోవాల్సింది, వాళ్లలో గంటలు ఉండిపోతుంది. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన పత్రంలోనూ ఈ ఉదాహరణ ఉంది. పిల్లల లుకేమియాలో వాడే 6-ఎంపీ మందు కూడా ఇలాంటిదే. దాన్ని ఒళ్లు తట్టుకునే తీరును మార్చే జన్యువుల్లో, మన దేశంలో టీపీఎంటీ కంటే ఎన్‌యూడీటీ15లోనే తేడాలు ఎక్కువ.

అయితే డీపీవైడీ పరీక్షల్లో ఎక్కువగా వెతికేది యూరోపియన్లలో దొరికిన మార్పులనే. రిపోర్టు నార్మల్ అని వచ్చినా ధీమా పడకూడదు. ఇక్కడే ఆసుపత్రి డేకేర్ నర్సు పని మొదలవుతుంది. పిల్లల ఆఫీసు పని పాడవుతుందని పెద్దాయన "బాగానే ఉందమ్మా" అంటారు. అనుభవమున్న సిస్టర్ ఆ మాటతో వదిలేయదు. నోరు తెరిపించి చూస్తుంది, అరచేతులు ఎర్రబడ్డాయేమో తిప్పి చూస్తుంది, నిన్నటి నుంచి ఎన్నిసార్లు విరేచనమైందో లెక్క అడుగుతుంది.

విషప్రభావానికి యూరిడిన్ ట్రైఅసిటేట్ అనే విరుగుడు ఉంది. దాన్ని చివరి మోతాదు తర్వాత 96 గంటల్లోపే ఇవ్వాలి. కాబట్టి మొదటి మాత్రకు ముందే డీపీడీ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి, డేకేర్ నర్సు నంబరు రాసిపెట్టుకోండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, విరేచనాలు పట్టుకున్నా వెంటనే ఫోన్ చేయండి, తర్వాతి మాత్ర వాళ్లు చెప్పాకే వేయండి.