మడ అడవి ఎన్ని ప్రాణాలు కాపాడింది?

జులై 26 మడ అడవుల దినోత్సవం. 2015లో యునెస్కో ప్రకటించింది. ఆ వారం ముఖచిత్ర కథనం రాయమని ఎడిటర్‌గారు పురమాయించేటప్పటికే అట్ట తయారైపోయింది. కోరింగ అభయారణ్యంలో చెట్ల మధ్య చెక్కబాట, దాని మీద ‘సునామీని ఆపిన అడవి’ అని పెద్దక్షరాలు. ‘‘గురువారం సాయంత్రానికి మ్యాటర్ ఇచ్చెయ్యండి, ఆ లైన్‌తోనే ఎత్తుకోండి’’ అన్నారు. మడ అడవులంటే నాకు ఇష్టమే. పాటు సమయంలో నల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి జానెడు పొడవున నిక్కపొడుచుకుని నిలబడే ఊపిరివేళ్లనీ, వాటి సందుల్లో పరుగులు పెట్టే పీతలనీ చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను. కానీ ఆ లైన్ దగ్గరే కలం ఆగింది. ఆపిందని ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు?

ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే చాలా దారులు ఒకే వ్యాసం దగ్గరికి తీసుకెళ్లాయి. తమిళనాడులోని పరంగిపేట్టైలో అణ్ణామలై విశ్వవిద్యాలయానికి సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. పిచ్చావరం మడ అడవులు ఆ దగ్గర్లోనే. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అక్కడి శాస్త్రవేత్త కదిరేశన్, రాజేంద్రన్ అనే మరో పరిశోధకుడితో కలిసి 18 మత్స్యకార పల్లెల వివరాలు సేకరించారు. ఒక్కో పల్లెలో ఎంతమంది పోయారు, ఎంత ఆస్తి పోయింది, ఊరు సముద్రానికి ఎంత దూరం, ఎంత ఎత్తు, ముందు చెట్లు ఎంత మేర ఉన్నాయి అని లెక్క రాశారు. 2005లో అచ్చైన ఆ వ్యాసం మొత్తం ఆరు పేజీలు. చెట్లు ఎక్కువున్న చోట, దూరంగా ఉన్న చోట, మెరకన ఉన్న చోట నష్టం తక్కువన్నది అందులో తేలిన సంగతి. వ్యాసం శీర్షికలో మాత్రం మడ అడవుల పేరే ఉంది, మిగిలిన రెండూ లేవు. పత్రికలు, సభలు, ప్రభుత్వ కరపత్రాలు ఆ శీర్షికనే అందుకున్నాయి.

మరుసటి ఏడు కెర్, బెయిర్డ్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు అదే పత్రికలో జవాబు రాశారు. వాళ్లు కొత్తగా ఏ పల్లెకూ వెళ్లలేదు. అవే 18 పల్లెల లెక్కలు మళ్లీ వేశారు. ఒక పల్లెలో చావులు ఎక్కువ, మరో పల్లెలో తక్కువ ఎందుకయ్యాయి? ఆ తేడాలో 87 శాతాన్ని దూరం, ఎత్తు ఈ రెండే చెప్పేస్తున్నాయి. వాటికి చెట్ల విస్తీర్ణాన్ని కూడా కలిపితే కొత్తగా తెలిసేది ఒక్క శాతం కూడా లేదు. సముద్రానికి సమాన దూరంలో, సమాన ఎత్తులో ఉన్న పల్లెల్ని పోల్చి చూస్తే, చెట్ల విస్తీర్ణంలో తేడా వల్ల చావులు తగ్గిన జాడ ఆ అంకెల్లో లేదన్నారు.

చిక్కెక్కడుందో అర్థం కావడానికి గణితం రానక్కర్లేదు. కాకినాడకి అటూ ఇటూ చూస్తే చాలు. ఉత్తరాన ఉప్పాడ. ఎదురుగా బోరవిడిచిన సముద్రం, అలల పక్కనే ఇళ్లు, ఏటా కోతకు జారిపోయే రోడ్డు. మడ మొక్క ఒక్కటీ లేదు. దక్షిణాన చొల్లంగి, కోరంగి. ముందు నిశ్చలంగా ఉండే అఖాతం, కాలువలు, బురద, ఆ బురదలో మడ అడవి, దాని వెనక ఎక్కడో ఊరు. మడ విత్తనం ఒండ్రు బురదలోనే నిలదొక్కుకుంటుంది. అల విరుచుకుపడే ఇసుకలో వేరు పట్టదు. అంటే అడవి ఉన్నచోట సముద్రం ముందే నెమ్మదిగా ఉంటుంది, ఊరు ఎలాగూ దూరంగా ఉంటుంది. పడవలు ఒడ్డున పెట్టుకునే పల్లెకి ఆ దూరం ఉండదు. రేపు ఉప్పెనొచ్చి ఉప్పాడ దెబ్బతిని కోరంగి బయటపడితే, ఆ పేరు చెట్లకివ్వాలా, దూరానికివ్వాలా?

1996 నవంబరు తుపానులోనూ సునామీలోనూ కాకినాడను కాపాడింది మడ అడవేనని గోదావరి వైపు గట్టిగా నమ్ముతారు. కాదనే సాహసం నేను చేయను. కాకపోతే కాకినాడ అఖాతానికి అడ్డంగా, గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ అనే పొడవాటి తిప్ప కూడా ఉంది. దాని మీద ముఖచిత్ర కథనం రాయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నీళ్లన్నీ ఒకటి కావన్నది రెండో సంగతి. గాలికి లేచే అల ఎత్తు, వంద మీటర్ల మడ అడవి దాటేసరికి 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని 2012లో పాత కొలతలన్నీ క్రోడీకరించినవాళ్లు తేల్చారు. అలాంటి అల కొన్ని సెకన్లలో విరిగి పోతుంది. సునామీ నీరు నిమిషాల తరబడి, ఉప్పెన గంటల తరబడి తోసుకొస్తూనే ఉంటాయి. గుమ్మానికి తడిక కడితే గాలి విసురు తగ్గుతుంది గానీ వరద నీరు ఆగదు కదా. ఉప్పెన నీటిమట్టం కిలోమీటరు మందం అడవికి 5 నుంచి 50 సెంటీమీటర్లు తగ్గుతుందని అదే ఏడాది వచ్చిన లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన సుమారు 5 మీటర్లు. నేరుగా భాగించి చూస్తే, అన్నీ కలిసొచ్చినా దాన్ని పూర్తిగా మింగెయ్యడానికి పది కిలోమీటర్ల మందం అడవి కావాలి. అలాగని అర మీటరు చిన్నది కాదు. నడుములోతు నీళ్లలో బిడ్డనెత్తుకుని నడవగలం, గుండెలోతులో కష్టం.

ఇక చరిత్ర. 1789 డిసెంబరులో మూడు అలలు కోరంగి రేవును ముంచాయి. 1839 నవంబరు ఉప్పెన దాన్ని మళ్లీ తుడిచిపెట్టింది. అప్పుడు 3 లక్షల మంది పోయారన్న అంకె పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతోంది గానీ, ఆ రేవు చుట్టుపక్కల అంత జనం ఉన్నారంటే నాకు నమ్మబుద్ధి కాదు. అదే కోరంగి దగ్గరి మడ అడవి 1978లో కోరింగ అభయారణ్యమైంది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. 2021 అటవీ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు 405 చదరపు కిలోమీటర్లు, దేశమంతా కలిపి 4,992.

మడ అడవి నిజంగానే ప్రాణాలు కాపాడిందని నన్ను ఒప్పించిన వ్యాసం ఒడిశా గురించి వచ్చింది. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో 409 గ్రామాల వివరాలు పెట్టుకుని ఆర్థికవేత్తలు సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో లెక్కగట్టారు. పద్దెనిమిది పల్లెలతో తేలని చిక్కు విప్పడానికి ఇన్ని గ్రామాలు కావాల్సొచ్చింది. దూరం లాంటి ఇతర కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా అడవి మందం ప్రభావం మిగిలింది. అడవే లేకపోతే తీరానికి పది కిలోమీటర్ల లోపున్న ఊళ్లలో, ఊరికి సగటున 1.72 మంది అదనంగా చనిపోయేవారు. దీని మీదా వాదోపవాదాలు నడిచాయి. అయినా అట్ట మీద వేసుకోవడానికి నాకీ చిన్న అంకె చాలు. అదే వ్యాసంలో ఇంకో వాక్యం ఉంది: అడవి కాపాడిన వాళ్లకంటే సర్కారు ముందస్తు హెచ్చరిక కాపాడినవాళ్లే ఎక్కువ. మనకిది తెలియని సంగతి కాదు. 1977లో పదివేలకు పైగా పోయారు. 1990 మేలో దాదాపు అంతటి తుపాను వచ్చినప్పుడు ముందే జనాన్ని తరలించారు, 967 మంది పోయారు.

సునామీ తర్వాత ‘జీవకవచం’ పేరుతో ఇసుక తీరాల వెంట సరుగుడు మొక్కలు నాటారు. మడ పెరగని చోట ఏదో ఒక చెట్టు ఉండాలన్న తొందర అది. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీద కూడా సరుగుడు లేచింది. ఇల్లు అలకు ఆనుకుని ఉన్న కుటుంబానికి కావాల్సింది మెరకన కాస్త చోటు, వేళకు హెచ్చరిక, గట్టి తుపాను షెల్టరు. కదిరేశన్, రాజేంద్రన్ కూడా తీరానికి కిలోమీటరు అవతల, మెరకన, చెట్ల వెనక ఇళ్లు కట్టుకోమనే రాశారు. దూరం, మెరక, చెట్లు - ఈ మూడింటిలో మొక్కలు నాటడమే చవక.

చేపముల్లు కాలువలు

మడ అడవిని ఒకప్పుడు కూపులు కూపులుగా నరికి అమ్మేవారు. నరికిన చోట ఎండ నేరుగా పడి, నేల ఆరి కుంగి, పళ్లెంలా గుంట పడేది. పోటుకు వచ్చిన నీరు తిరిగి పోలేక అక్కడే ఇగిరిపోయేది. ఉప్పు పేరుకుని మొక్క మొలిచేది కాదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి పిచ్చావరంలో పెద్ద కాలువ ఒకటి, దానికి రెండు వైపులా చేపముల్లులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వించి పోటు పాటు నీటికి దారిచ్చారు. గట్ల మీద మొక్కలు నాటారు. 1986, 2002 ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూస్తే అక్కడి అడవి సుమారు 90 శాతం పెరిగిందని సెల్వం బృందం 2003లో ప్రకటించింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఇదే పద్ధతి వాడారు.

తిల్ల పాలు, బావురుపిల్లి

మడ అడవిలోకి పుల్లలకు వెళ్లేవాళ్లు తిల్ల చెట్టు దగ్గర కత్తి జాగ్రత్తగా వేస్తారు. కొమ్మ తెగితే కారే పాలు కంట్లో పడితే చూపు పోయినంత పనవుతుంది. తెల్లమడ ఆకు గేదెలకు మేత. కాలువల్లో దొరికే మండపీతకు మంచి ధర. కోరింగలో ఉండే బావురుపిల్లి నీళ్లలో దిగి చేపలు పట్టుకుంటుంది. అది రాత్రిపూట తిరిగే జంతువు, పగటి పడవ షికారుకు వెళ్లినవాళ్లకు కనిపించడం అరుదు.