పాత కంప్యూటర్ మొరాయిస్తే...

బోధన్‌లో ఉండే మా అక్క కూతురు నిజామాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం పెద్ద సి ప్లస్ ప్లస్ సాఫ్ట్‌వేర్ ఒకటి తన పాత కంప్యూటర్‌లో బిల్డ్ చేసుకోవాలి. మెమరీ 2 జీబీ. గంటసేపు నడిచి 'కిల్డ్' అని ఒక్క ముక్క చూపించి ఆగిపోయింది. మూడుసార్లు అదే వరస! "నాకే చేతగాదేమో చిన్నమ్మా. కొత్తదన్నా కొనాలె, ప్రాజెక్టన్నా మార్చుకోవాలె" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చెరకు మాని వరికి మారిన ఇల్లు వాళ్లది. వడ్ల పైసలు వస్తే గానీ కొత్త కంప్యూటర్ మాట ఎత్తలేరు.

తప్పు ఆ పిల్లది కాదు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. సి ప్లస్ ప్లస్‌లో కొన్ని పెద్ద ఫైళ్లకు దానికి వందల ఎంబీల మెమరీ కావాలి, ఒక్కోసారి 1 జీబీ కూడా దాటుతుంది. ఈ అమ్మాయేమో ఎవరో చెప్పారని 'మేక్' పక్కన 'మైనస్ జె 4' అని పెట్టింది. అంటే నాలుగు పనులు ఒకేసారి! చిన్న వంటగట్టు మీద నాలుగు కూరలూ ఒక్కసారే తరగబోతే ఏదో ఒక గిన్నె కిందపడదూ? మెమరీ నిండిపోతే లైనక్స్ ఏదో ఒక పనిని బలవంతంగా ఆపేస్తుంది. ఆ 'కిల్డ్' అర్థం అదే.

ముందు 'మైనస్ జె 1' పెట్టించాను. ఒకటయ్యాకే మరొకటి. చాలా దూరం వెళ్లింది గానీ ఒక పెద్ద ఫైలు దగ్గర మళ్లీ పడిపోయింది. అప్పుడు 'మైనస్ ఓ 2'ను 'మైనస్ ఓ 1' చేశాం. ఆ అంకె పెరిగేకొద్దీ ప్రోగ్రామును వేగంగా నడిపించే దారుల కోసం కంపైలర్ ఎక్కువ శ్రమపడుతుంది, సాధారణంగా మెమరీ కూడా ఎక్కువే తింటుంది. తగ్గిస్తే తయారైన ప్రోగ్రాము కాస్త నెమ్మదిస్తుందేమో, ప్రాజెక్టుకు అదేం అడ్డం కాదు. తప్పులు వెతికే సమాచారం అక్కర్లేదనుకుంటే 'మైనస్ జి' కూడా తీసేయండి. ముక్కలన్నీ కలిపే లింకింగ్‌లో దాని బరువు బాగా తెలుస్తుంది.

డాస్ రోజుల్లో టర్బో సి నేర్చుకున్న అక్కయ్యలకు ఈ సర్దుబాట్లు కొత్త కాదు. ప్రోగ్రామును 640 కేబీలో ఇమడ్చడానికి టైనీ నుంచి హ్యూజ్ దాకా ఆరు మెమరీ మోడళ్లలో ఒకటి ఎంచుకునేవాళ్లు.

ఇంకా చాలకపోతే డిస్కులో 2 జీబీ స్వాప్ ఫైలు పెట్టుకోవచ్చు. డిస్కు మెమరీ అంత వేగంగా పనిచేయదు కాబట్టి ఓపిక కావాలి. స్వాప్ ఉంది కదా అని మళ్లీ 'జె 4' పెట్టారో, కంప్యూటర్ కదలను కూడా కదలదు!

రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టి పడుకుందట. పొద్దున్నే ఫోను. "లింకింగ్ దాకా వచ్చింది చిన్నమ్మా, ఇంకా ఆగలే!"